ప్రెసిడెంటు చెయ్యి పడనిదే నీళ్లు కదలవు

బోధన్, మార్చి 1964

ముష్తాక్ భాయ్‌కి లింబాద్రి నమస్కారాలు.

ఒకే బెంచీ మీద చదువుకున్నాం. నువ్వు నిజామాబాద్ కాలువల ఆఫీసులో హెడ్‌క్లర్కువయ్యావు, నేను పంచాయతీ సమితి ప్రెసిడెంటునయ్యాను. ఇక నీ మీద నాదే అధికారమని సంబరపడ్డాను. తీరా చూస్తే మా పిల్లకాలువకు కొత్త తూము కట్టి, షట్టర్ బిగించి, దాన్ని ఎత్తకుండా వదిలేశారు. చెరుకు ఎండిపోతోంది. కాలువ చివరి పొలం మా పంచాయతీ మెంబరు రత్తమ్మగారిది. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. రోజూ మా వాకిట్లో నిలబడి, "ఏవండీ ప్రెసిడెంటుగారూ, ఈ తోట పోతే మేం ఏం తినాలండీ?" అంటోంది. నాకు మొహం చెల్లడం లేదు. మీవాళ్లను కాస్త కదిలించు.

ఇట్లు, పేరుకు ప్రెసిడెంటు, లింబాద్రి

తా.క. ఈ ఉత్తరం మర్యాదగా రాశాను. తరువాతి దాని సంగతి చెప్పలేను.

నిజామాబాద్

లింబాద్రి అన్నకు ముష్తాక్ సలాములు.

మా తప్పేం లేదు. ఎవరో నాయకుడు, "ఆఫీసర్లు తమంతట తామే పనులు ప్రారంభిస్తే ఊరుకోం, ప్రజలు ఎన్నుకున్న మనిషి చేత్తోనే జరగాలి" అని పెద్ద గొడవ చేశాడట. మా ఇంజనీరు హడలిపోయి అలాగే ఆర్డరు వేశాడు. షట్టర్ ఎత్తే లస్కరు భీమన్ననడిగితే, "ఆర్డరున్నది సారూ. నేను ముట్టుకుంటే నా నౌకరి పోతది" అంటున్నాడు.

నీ ముష్తాక్

తా.క. ఆ తలతిక్క నాయకుడెవరో కనుక్కుని రాస్తాను. తీరిగ్గా తిట్టుకుందువు గాని.

బోధన్

ముష్తాక్ భాయ్,

కనుక్కోకు. వాణ్ని నేనే. బడి గదులకు ఎవరో ఇంజనీరు రిబ్బను కత్తిరిస్తుంటే జనం వెనకాల నిలబడి మునివేళ్ల మీద లేచి చూశాను. ఆ ఉక్రోషంతో సమితిలో తీర్మానం చేయించి, అధికారులను అదుపులో పెట్టానని ఊరంతా చెప్పుకున్నాను.

పోనీ నేనే వెళ్లి ఎత్తేద్దామంటే ఇంకో తెలివితక్కువ పని చేసి ఉన్నాను. ఫొటో పేపర్లో పడుతుందని తూము ప్రారంభోత్సవానికి మంత్రిగారిని పిలిచాను. ఆయన ఒప్పుకున్నారు గాని తేదీ జరుపుతూనే ఉన్నారు. ఇప్పుడు ఆయనకంటే ముందు నేను ముట్టుకుంటే ఈ జన్మకు నాకు టికెట్టు రాదు.

చేతులు కట్టేసుకున్న లింబాద్రి

తా.క. మంత్రిగారొస్తున్నారని రత్తమ్మగారికి చెప్పాను. "నీళ్లు కూడా తెస్తున్నారాండీ?" అంది.

నిజామాబాద్

లింబాద్రి అన్నకు సలాం.

మంత్రిగారి రాక మళ్లీ వాయిదా పడింది. అయినా మా ఇంజనీరు ఏర్పాట్లు ఆపలేదు. షట్టర్‌కు మూడు రంగులు వేయించాడు. కింద నుంచి కారే కాసిన్ని నీళ్లకు మంత్రిగారి చెప్పులు తడుస్తాయని మట్టి పెట్టించి, వాటినీ ఆపేశాడు. ఫైలు నా చేతి మీదుగానే పోయింది. సిగ్గు లేకుండా సంతకం పెట్టాను.

నీకు తోడు దొంగ, ముష్తాక్

తా.క. రంగు చాలా బాగా వచ్చిందట.

బోధన్

ముష్తాక్ భాయ్,

నిన్న పొద్దున రత్తమ్మగారు ఆడవాళ్లను వెంటేసుకుని తూము దగ్గరికి పోయింది. భీమన్న అడ్డం నిలబడి, "ఎన్నుకున్న మనిషే ఎత్తాలె అమ్మా" అన్నాడట. "నన్నెవరు ఎన్నుకున్నారు నాయనా? నీ పెళ్లాం కూడా నాకే ఓటేసింది" అందట ఆమె. భీమన్న కాసేపు ఆలోచించి, "గట్లయితే ఆర్డరు ప్రకారమే ఉన్నది" అని పక్కకు జరిగాడట.

ఆపుదామని నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి నీళ్లు చెరుకు తోటల్లోకి పోతున్నాయి. మళ్లీ జనం వెనకాలే నిలబడ్డాను. సిగ్గేసింది. కానీ ఆ నీళ్లను చూస్తుంటే కళ్లు చెమర్చాయి భాయ్. భీమన్న నౌకరికి ముప్పు రాకుండా, అంతా ఆర్డరు ప్రకారమే జరిగిందని ఫైల్లో రాసెయ్యి. నా తీర్మానం పనికొచ్చింది ఇదొక్కసారే.

నీ లింబాద్రి

తా.క. మంత్రిగారు ఆదివారం ఖాయంగా వస్తున్నారు. షట్టర్ ఒక్కసారి దించితే ఆయన చేత మళ్లీ ఎత్తిద్దామని భీమన్నను బతిమాలాను. "మెంబరమ్మ ఎత్తింది సారూ. దించాలంటే ఆమె ఆర్డరు తెండ్రి" అన్నాడు.