పసుపు తీగకు చోటు లేదు

చిరంజీవి దుర్గారావుకు మేనమామ మనసారా దీవించి వ్రాయునది.

నీవు కొనిచ్చిన టీవీని గోడకు బిగించారు. బొమ్మ మహా స్పష్టంగా ఉన్నది. దానికి నాలుగు హెచ్‌డీఎంఐ రంధ్రాలున్నవి. అన్నీ సరికొత్త ప్రమాణానివేనట. బిగించడానికి రాయగడ నుండి వచ్చిన మనిషి, "పాత మిషన్లేటైనా తగిలిస్తారా మాస్టారూ?" అని అడిగాడు. ప్రశ్న నాకు బోధపడలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి అభిమానం అడ్డువచ్చి, లేవన్నాను. మార్పిడి కింద పాత టీవీని పట్టుకుపోయాడు. వీసీఆర్‌కున్న పసుపు, ఎరుపు, తెలుపు తీగలకు కొత్తదానిలో చోటే లేదు.

గుణుపురంలో జరిగిన మీ అమ్మ పెళ్లి క్యాసెట్టు నీకు తెలిసినదే. కీర్తిశేషురాలైన మీ అత్తయ్య గొంతు మిగిలినది అందులోనే. చూపు పోయిన తరువాత కూడా మీ అమ్మ ఏటా పెళ్లిరోజున మా ఇంటికి వచ్చి, అప్పగింతలలో తన వదిన అన్న మాట వింటుంది: "ఏటమ్మీ ఆ ఏడుపు? మీ అన్నని నా నెత్తినెట్టేసి నువ్వెల్పోతన్నావు. ఏడవాల్సిందాన్ని నేను!" ముప్పై ఏళ్లు పిల్లల భాష దిద్దినవాడిని, ఈ మాటను మాత్రం దిద్దలేదు.

ఈసారి వీసీఆర్ కాలిపోయినదని, రావద్దని మీ అమ్మకు కబురు చేశాను. అది అబద్ధం.

ఆ తీగలను హెచ్‌డీఎంఐకి కలిపే చిన్న పెట్టె దొరుకుతుందట. శుక్రవారం పెళ్లిరోజు. పెట్టెతో పాటు మీ అమ్మను కూడా తీసుకుని రా.

అంతకు ముందు ఈ ఉత్తరాన్ని, నా అబద్ధంతో సహా, ఆమె పక్కన కూర్చుని బిగ్గరగా చదువు. అత్తయ్య మాట దగ్గర కాస్త ఆగు. అక్కడ మీ అమ్మ నవ్వుతుంది.