మల్లవ్వ హాజరీ

పటాన్‌చెరు,
18-6-1978, ఆదివారం.

మహారాజశ్రీ, గణితశాస్త్ర భయంకర, సంగారెడ్డి ట్యుటోరియల్ కాలేజీ సింహాసనాధీశ్వరులైన భీమశంకరం గారి పాదసన్నిధికి, ఒకప్పటి స్నేహితుడు సూర్యారావు దూరం నుంచే, అంటే తమ చెయ్యి అందనంత దూరం నుంచే, నమస్కరించి రాసుకున్న విన్నపం.

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరం కార్ఖానా ప్రింటరు కాగితం వెనకవైపు రాస్తున్నందుకు క్షమించాలి. అంచుల వెంట ఉన్న చిల్లులు ఎలకల పని కాదు, కాగితం పుట్టుకే అంత. కంప్యూటరు లోపల ఏం జరుగుతుందో ఈ అల్పుడు తమకే వివరించబోతున్నాడు. హనుమంతుడి ముందు ఈ కుప్పిగంతులకు వెయ్యి క్షమాపణలు. అసలు పుట్టినందుకు కూడా చెప్పుకునేవాణ్ణే గాని, అందులో మా అమ్మ వెంకటరమణమ్మకూ భాగం ఉంది కనక ఆవిణ్ణి అడక్కుండా చెప్పడం మర్యాద కాదు.

ఇందులో ఒక్క క్షమాపణా నిజం కాదని నీకు తెలుసు. తెలిసి చిరాకు పడతావనే రాశాను. నువ్వు చిరాకు పడి చాలా రోజులైంది.

ఇక్కడ నేను క్షేమం. అంటే, జ్వరం లేదు. నువ్వు క్షేమమని కళ్ళారా చూసి తెలుసుకున్నాను. పోయిన నెల జోగిపేట వెళ్ళి వస్తుంటే బస్సు కిటికీలోంచి సంగారెడ్డి బస్టాండు బయట కనిపించావు. మామిడిపళ్ళ బండి దగ్గర నిలబడి ఒక్కో పండూ తీసి, వాసన చూసి, మళ్ళీ దాని చోట దాన్ని పెడుతున్నావు. బండివాడి ముఖం చూస్తే, వాడికి నీ మీద నాకున్నంత అభిమానం ఉన్నట్టు లేదు. ఓ జోకు నోటిదాకా వచ్చింది. దిగి చెబుదామనుకున్నాను. దిగలేదు. ఆ జోకు పటాన్‌చెరు దాకా టిక్కెట్టు లేకుండా నా పక్కనే కూర్చుని వచ్చింది.

నీ మంచం గదిలో అలాగే ఉంది. ముత్యమ్మ వారానికోసారి గుమ్మంలో నిలబడి, గా లావు అద్దాల సారు వస్తడా రాడా, జెర చెప్పరాదు, ఇంకొకల్లకు కిరాయికిస్త అని అడుగుతుంది. బోనాలు అయ్యాక వస్తాడని చెప్పాను. అంతకుముందు ఉగాది అయ్యాక అని చెప్పాను. పండగలు అయిపోతున్నాయిరా.

ఇక అసలు సంగతి. మల్లవ్వ వాళ్ళ కేసు వచ్చే నెల మొదటి సోమవారం సంగారెడ్డిలో లేబరు ఆఫీసరు ముందుకు వస్తోంది. వాళ్ళ తరఫున నువ్వు సాక్ష్యం చెబుతావని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు. చెబుతావు. కాని నీ చేతిలో ఏముంది? నా కళ్ళతో చూశాను అనే మాట ఒక్కటే కదా. అలాంటి హాజరీ ఏదీ మా దగ్గర లేదు, కావాలంటే కంప్యూటరునే అడుక్కోండి అంటారు మేనేజరు గారు. అది కూడా లేదనే అంటుంది. మనుషులు అబద్ధాలాడతారు గాని అది ఆడదని ఆఫీసర్లందరికీ గట్టి నమ్మకం. అక్కడితో ప్యాకింగు షెడ్డులో మూడేళ్ళు పనిచేసిన ఆడవాళ్ళు ఒక్కరోజు కూడా పనిచెయ్యని వాళ్ళవుతారు.

ఫిబ్రవరిలో ఆ రోజు జరిగింది నువ్వు సంగారెడ్డిలో చాలామందికి చెప్పావని విన్నాను. సరిగానే చెప్పి ఉంటావు. నా వైపు నుంచి కూడా ఒకసారి రాసి పెడుతున్నాను.

వాళ్ళు పర్మినెంటు చెయ్యమని అడిగారు. అడిగిన వారంలోనే కాగితం మీది హాజరీలన్నీ బాయిలరులోకి పోయాయి. మిగిలింది కంప్యూటరులో నువ్వు కట్టిన ఫైలు ఒక్కటే. ఏ రోజు ఎవరొచ్చారో సాయంత్రం కార్డుల మీద చిల్లులు కొట్టి మనం ఎక్కించిన ఫైలు. మేనేజరు గారు మిషను రూములోకి వచ్చి దాన్ని కొట్టెయ్యమన్నారు. నువ్వు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, నా చేత్తో కొట్టెయ్యనండి అన్నావు. ఆయన నా వైపు తిరిగారు. చిత్తం, మా వంశంలో రాసినవాళ్ళు లేరు, చెరిపే వరం ఒకటి ఉందని చెప్పి కంప్యూటరు టైపు మిషను ముందు కూర్చున్నాను. ఆయన నవ్వారు. కొట్టెయ్యక ముందు ఫైళ్ళ జాబితా ఒకటి, కొట్టేశాక ఒకటి అచ్చు తీయించుకున్నారు. రెండోదాంట్లో ఆ పేరు లేదు. నువ్వు తలుపు దగ్గర నిలబడి అంతా చూశావు. నీకు నవ్వించడం ఒక్కటే చేతనవుననుకున్నానురా సూర్యం, ఇది కూడా చేతనవునన్నమాట అని తలుపు వేసుకుని వెళ్ళిపోయావు. ఆ తలుపు పైబందు ఇప్పటికీ వదులుగానే ఉంది.

నీ చోట ఎవరినీ వెయ్యలేదు. కార్ఖానా మొత్తం మీద చల్లగా ఉండే గది మనదే కదా, ఇప్పుడు మరీ చల్లగా ఉంది. జోకులన్నీ ప్రింటరుకు చెబుతున్నాను. అది సగంలో కాగితం నలిపేసుకుని ఆగిపోతుంది. క్యాంటీనులో టీ ఇచ్చే ఐలన్న గ్లాసు బల్ల మీద పెట్టి మాట్లాడకుండా పోతాడు. ఒకరోజు, ఐలన్నా, చక్కెర వెయ్యలేదేమిటన్నాను. ఏసిన సారూ, నీకే తీపి తెలుస్తలేనట్టుంది అన్నాడు.

ఇవాళ పొద్దున మల్లవ్వ మన కాంపౌండుకు వచ్చింది. కేసు గెలిస్తే ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మకు చీర పెడతానని మొక్కుకోవడానికి వెళుతూ, తోడు రమ్మని ముత్యమ్మను అడగడానికి వచ్చింది. ముత్యమ్మ జడ వేసుకునే లోపల నా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. సారూ, మూడేండ్లు పొద్దుగాల్నే వచ్చి పేరు చెప్పుకుంటిమి, మీరు గా పెట్టెల ఎక్కిస్తిరి. ఇప్పుడు లేవంటున్రు. మూడేండ్లు ఎటు పోయినయ్, ఎలుకలు గిట్ల తిన్నయా అని అడిగింది.

పుస్తకంలో ఉన్నట్టు చెప్పి తప్పించుకోవచ్చు. కాని ఆవిడ మెట్టు మీద కూర్చుంది. అందుకని ముత్యమ్మ కాంపౌండునే కంప్యూటరు చేసి చెప్పాను. నువ్వు నేర్పిన పాఠమే, తప్పులుంటే దిద్దు.

కంప్యూటరు లోపల, మల్లవ్వా, నడిమధ్యన ఒక పెద్ద ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని కెర్నెల్ అంటారు, అంటే గింజ లోపలి పప్పు అన్నాను. మిగతా ప్రోగ్రాములన్నీ కిరాయికుండేవాళ్ళు. ఇక్కడ బావి మోటారును ముత్యమ్మ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు కదా. ఎంతసేపు నొక్కాలో, ఎక్కడ గుద్దాలో ఆమెకే తెలుసు. మనం నీళ్ళు అంటే చాలు, మోటారు సంగతి ఆమె చూసుకుంటుంది. అలాగే కార్డులు చదివే మిషను గుణం వేరు, ప్రింటరు గుణం వేరు, డిస్కు గుణం వేరు. ఒక్కోదానితో ఎలా మాట్లాడాలో ఆ పప్పుకే తెలుసు. ప్రోగ్రాము రాయి అంటుంది, చదువు అంటుంది, అంతే. నేరుగా వెళ్ళి మిషను మీద చెయ్యి వేస్తే ఊరుకోదు.

గట్లనే ఉండాలె, లేకుంటే మోటరు ఎప్పుడో కాలిపోయేది అంది లోపల్నుంచి ముత్యమ్మ.

ఇంకా చెప్పాను. పాలవాడు వస్తాడేమోనని ముత్యమ్మ గేటు దగ్గర కాపలా కాయదు. బియ్యం ఏరుకుంటూ ఉంటుంది. వాడు గంట కొడితే చాట పక్కన పెట్టి, ఎక్కడిదాకా ఏరిందో గుర్తు పెట్టుకుని, పాలు పోయించుకుని వచ్చి మళ్ళీ అక్కణ్ణుంచే ఏరుతుంది. ప్రింటరు నెమ్మదైన మిషను. అది ఒక వరస అచ్చు వేసేలోపల కెర్నెల్ వేరేవాళ్ళ పనులు బోలెడు చేస్తుంది. వరస అయిపోగానే ప్రింటరే పిలుస్తుంది, ఇది వెళ్ళి ఇంకో వరస అందిస్తుంది. ఇక సామాన్ల కొట్టు. అందరి సామానూ అందులోనే, తాళం మాత్రం ముత్యమ్మ నడుముకు. పెద్దరాములు జొన్నలు ఒక్క కుండలో పట్టక మూడు కుండల్లో ఉన్నాయి, మూడూ మూడు మూలల్లో ఉన్నాయి. ఎవరివి ఏ కుండతో మొదలై ఏ కుండకు పోతాయో గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంది. ఆ గీతలు లేకపోతే కొట్టు నిండా సామానే, ఎవరిదీ ఏదీ దొరకదు. డిస్కు మీద ఫైళ్ళు కూడా అంతే. మీ హాజరీకి గీత లేదిప్పుడు అన్నాను.

మరి నడిమి ముసల్ది దానంతట అది తుడువలే గద సారూ, ఎవలో చెప్తేనే తుడిచింది గద అంది మల్లవ్వ. ముసల్దెవరే, నా జడ సూడు ఎంత నల్లగున్నదో అంటూ ముత్యమ్మ బయటికొచ్చింది. మల్లవ్వ నవ్వలేదు. ఎవలు చెప్పిండ్రు అని మళ్ళీ నన్నే అడిగింది.

నా దగ్గర జవాబు ఉంది. బస్సుకు టైమవుతోందేమో అన్నాను. ఆవిడ లేచి కొంగు దులుపుకుంది. మాకు ఎర్కే సారూ, నీ నోట వింటమా అని అడిగిన అంది. గేటు దాకా వెళ్ళి, నీ నౌకరి కోసం గూడ ఓ దండం పెట్టొస్త, మా లెక్క గావద్దు నువ్వు అని, ఇగ జల్దీ నడువు అక్కా, బస్సు పోతది అంటూ వెళ్ళిపోయింది. ఎత్తిపొడుపు కాదురా. నిజంగానే అంది. తిట్టి ఉంటే ఈ మధ్యాహ్నం నిద్రపోయేవాణ్ణి.

కాంపౌండులో వాళ్ళంతా ఎండకు తలుపులు వేసుకున్నారు. వానలు ఇంకా రాలేదు. గుమ్మడిదల యాదగిరి సాయంత్రం బస్సుకు సంగారెడ్డి వస్తున్నాడు. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వెయ్యడం లేదు, అతని చేతికే ఇస్తున్నాను. నీ చేతిలోనే పెట్టమని చెప్పాను. చదివి చింపెయ్, లేదా దాని మీద లెక్కలు చేసుకో. నీ లెక్కలకు కాగితం ఎప్పుడూ చాలదు.

చిత్తగించవలెను. నీ గదిలో సగం వాటాదారు,
సూర్యారావు.

తా.క.: సంతకం పెట్టాక ఓ వార్త గుర్తొచ్చింది. అబద్ధం. పొద్దుటి నుంచీ గుర్తుంది, సంతకం దాకా తోసుకుంటూ వచ్చాను.

ఈ నెల 28న బొంబాయి నుంచి ఇంజనీరు వచ్చి మన డిస్కు పళ్ళేలు తీసేసి కొత్తవి పెడతాడు. పాతవి పట్టుకుపోయి తుడిచేస్తారు. ఎందుకంటే, పళ్ళేల మీద ఒక్కచోటే వరసగా బోలెడు ట్రాకులు, మల్లవ్వకైతే కుండలు అని చెప్పేవాణ్ణి, చెడిపోయాయని ఫిబ్రవరి నుంచీ కంప్యూటరు రిపోర్టు ఇస్తోంది. మొన్న మేనేజరు గారు అది చూసి బొంబాయికి ఫోను చేశారు. ఇలా అవుతుందని నాకు తట్టలేదు.

ఫైలు కొట్టేస్తే కెర్నెల్ ఏం చేస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు, నా ధైర్యం కోసం రాసుకుంటున్నాను. జాబితాలోంచి పేరు తీసేసి, ఆ ట్రాకులు ఖాళీ అని రాసుకుంటుంది. వాటి మీద ఉన్నదాన్ని ముట్టుకోదు. ఇంకో ఫైలు వచ్చి అక్కడ కూర్చుంటేనే పాతది పోతుంది. ఆ సాయంత్రం కార్డులు ఎక్కిస్తే కూర్చునేదే. కాని చెడిన ట్రాకుల పట్టిక ఒకటి ఉంది కదా. అందులో ఎక్కిన ట్రాకు జోలికి కెర్నెల్ రాయడానికీ పోదు, చదవడానికీ పోదు. అందుకే అక్కడున్నది నేనూ తీయలేను. కెర్నెల్‌ను తప్పించి డిస్కుతో నేరుగా మాట్లాడే ప్రోగ్రాం రాయగలిగినవాడు ఒక్కడే. వాడు సంగారెడ్డిలో త్రికోణమితి చెబుతున్నాడు.

వచ్చే ఆదివారం మేనేజరు గారు పెళ్ళికి విజయవాడ వెళుతున్నారు. మిషను రూము తాళాలు నా దగ్గరే ఉంటాయి. పొద్దుటి బస్సుకు రా. అచ్చు తీసిన కాగితం ఆఫీసరు ముందుకు నువ్వొక్కడివే పట్టుకెళ్ళక్కర్లేదు, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో నేనే చెబుతాను. ఇన్ని నెలలు నీకు ఈ ముక్క చెప్పకపోవడానికి కారణం ఇదే. చెబితే నువ్వు వస్తావు. నువ్వు వస్తే నేనూ నిలబడాలి. నిలబడితే ఈ ఉద్యోగం ఉండదు. నాకు భయం వేసింది. ఇప్పుడూ వేస్తోంది.

ఆ రోజు నువ్వు వెళ్ళిపోయావు. మేనేజరు గారు రెండు కాగితాలూ చంకలో పెట్టుకుని వెళ్ళారు. మొదటి కాగితం అచ్చవుతున్నప్పుడే, మల్లవ్వ వాళ్ళ హాజరీ ఏ ట్రాకు నుంచి ఏ ట్రాకు దాకా ఉందో చూసి మనసులో పెట్టుకున్నాను. రూములో ఎవరూ లేరు. కూర్చుని, ఆ ట్రాకులు చెడిపోయాయని ఒక్కొక్కటే టైపు చేశాను. ఒక్కటి కూడా చెడలేదురా శంకరం.