అక్క నీ పడవెక్కింది

బావా,

నీ సంవత్సరీకాలైన మర్నాడు అక్క నీ పడవెక్కుతానంది. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్స్ నుంచి ఆటోలో కాసాయి నది రేవుకి తీసుకెళ్లాను. నువ్వెన్నిసార్లు పిలిచినా నీళ్లంటే భయమని రాని మనిషి, పడవ ముందు సీట్లో అంచులు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

పోయిన నెల ఇదే దారిలో నేను మా పడవ పందేల క్లబ్బు రికార్డు బద్దలుకొట్టాను. నువ్వుంటే ఎప్పటిలాగే "దార్లో ఏటి సూసినావురా?" అని అడిగేవాడివి. వాచీ తప్ప ఏమీ చూడలేదు బావా. నిమ్‌పురా రైలింజన్ల షెడ్డులో వారమంతా పరుగులు పెట్టే నువ్వు, ఆదివారం ఏటి మీద ఎందుకంత నిదానంగా తెడ్డు వేస్తావో అని విసుక్కునేవాణ్ణి.

నిన్న నా జోరు సాగలేదు. నువ్వు ఆగే ప్రతి రేవులోనూ ఎవరో ఒకరు పడవని గుర్తుపట్టి, "దాదా రాలేదా?" అని బెంగాలీలో అడిగారు. అక్కే ఓపిగ్గా జవాబు చెప్పింది. బట్టలుతుకుతున్న ఒక దీదీ చేతులు తుడుచుకుని వచ్చి, అక్క ఒళ్లో గుప్పెడు మరమరాలు పోసి, పక్కన నిలబడింది.

"మీ బావకి ఏటి పొడుగునా సుట్టాలేటిరా?" అంది అక్క, మళ్లీ బయల్దేరాక.

చివరి రేవు చేరేసరికి పొద్దు వాలింది. నేను దిగి చెయ్యందించాను. అక్క లేవలేదు.

"దిగిపోతే అయిపోతాది కదరా," అంది.

మళ్లీ ఎక్కి, పడవని ఏటికి ఎదురు తిప్పాను. రికార్డు కొట్టిన చేతులు కదా బావా, అందుకు పనికొచ్చాయి.