విత్ పెట్టిన పాపానికి

అచ్యుతాపురం, జూన్ 3

పూజ్యులు సన్యాసిరావు మాస్టారికి, మీ పాత విద్యార్థి త్రినాధరావు నమస్కరించి రాయునది.

ఫోనులో మీకు వినపడడం లేదని అమ్మగారు చెప్పారు, అందుకే ఉత్తరం. ఇక్కడి మందుల కంపెనీలో నన్ను షిఫ్ట్ ఇన్‌ఛార్జిని చేశారు. మూడు నెలలు చూసి ఖాయం చేస్తారట, లేదంటే మళ్లీ పాత పనే. పని నాకు వచ్చు. రోజూ ఇంగ్లీషులో రిపోర్టు రాయడమే రాదు. పని సాగుతోంది అనడానికి ఒకే పేజీలో తొమ్మిదిసార్లు ‘కంటిన్యూ’ రాశానని మేనేజరు గారు చిరాకు పడ్డారు. ఆయనైతే ‘క్యారీ ఆన్’ అంటారు. అదెలా వాడాలో దయచేసి చెప్పండి.

విధేయుడు,
త్రినాధరావు

తా.క. పదో తరగతి ఇంగ్లీషులో నాకు ముప్పై అయిదు వచ్చాయని ఇక్కడ చెప్పుకోలేదు. మీరూ ఎవరికీ చెప్పవద్దు.

---

అనకాపల్లి, జూన్ 7

చిరంజీవి త్రినాధరావుకు ఆశీస్సులు.

బడిలో ముప్పై ఏళ్లు ఎవడూ అడగని ప్రశ్న నేను రిటైరయ్యాక ఒకడు అడిగాడు. సంతోషం. క్యారీ ఆన్ అంటే కొనసాగించు. దేన్ని కొనసాగిస్తున్నావో చెప్పాలంటే పక్కన ‘విత్’ పెట్టాలి. క్యారీ ఆన్ విత్ ద వర్క్. ప్రిపోజిషన్ అంటే ఇల్లరికపుటల్లుడు కాదు, ఉన్నా లేకపోయినా ఒకటే అనుకోవడానికి. ‘విత్’ తీసి ‘అబౌట్’ పెట్టావంటే అదేపనిగా సణుగుతున్నావని అర్థం.

ఇట్లు,
సన్యాసిరావు

తా.క. విత్ మరిచిపోకు. నీ సంగతి నాకు తెలుసు.

---

అచ్యుతాపురం, జూన్ 12

మాస్టారికి నమస్కారాలు.

మరిచిపోలేదు. శనివారం నా షిఫ్టులో నలుగురు రాలేదు. పక్క విభాగంలో కెమిస్టు రాజశ్రీ గారు, పూడిమడక వాళ్లమ్మాయి, తన పని అయిపోయినా ఉండిపోయి నాకు సాయం చేశారు. ఆమె లేకపోతే ఆ బ్యాచి పాడైపోయేది. ఆ మాట రిపోర్టులో లేకపోతే నాది కృతఘ్నత అవుతుంది. అందుకని రాశాను: ‘ఐ క్యారీడ్ ఆన్ విత్ రాజశ్రీ ఫర్ ద ఫుల్ షిఫ్ట్.’ మేనేజరు గారు దాని పక్కన ‘గుడ్’ అని రాసి, సంతకం పెట్టి, నోటీసు బోర్డుకి అంటించారు.

విధేయుడు,
త్రినాధరావు

తా.క. రిపోర్టు బాగుందని రాజశ్రీ గారు కూడా అన్నారు.

---

అనకాపల్లి, జూన్ 15

త్రినాధరావుకు,

నీ ఉత్తరం చదివి, కాఫీ పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. విత్ తరవాత పని పేరు వస్తే పని సాగించడం. మనిషి పేరు వస్తే ఆ మనిషితో చాటుమాటు సంబంధం సాగించడం. ఇది ముందే చెప్పకపోవడం నా తప్పు. నీలో ఇంత కృతజ్ఞత ఉందని నాకు తెలియదు. ఆడపిల్ల పేరు బోర్డు మీద ఉంది. వెంటనే సవరణ రాసి ఇవ్వు. అర్థం కూడా వివరంగా రాయి, సగం చెబితే అనుమానాలు పెరుగుతాయి.

సన్యాసిరావు

తా.క. మేనేజరు దేన్ని ‘గుడ్’ అన్నాడో మెల్లగా కనుక్కో.

---

అచ్యుతాపురం, జూన్ 20

మాస్టారికి,

వివరంగా రాశాను. అదే కొంప ముంచింది. వారం రోజులు ఆ కాగితం బోర్డు మీదున్నా ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. మీరు చెప్పిన అర్థం రాసి, దాని కింద ‘ఐ విల్ నాట్ క్యారీ ఆన్ విత్ రాజశ్రీ ఎనీమోర్’ అని నేను సంతకం పెట్టాక అందరికీ వచ్చింది. మేనేజరు గారు ఫోనులో డిక్షనరీ తీసి చూసుకుని, ఇద్దరి మీదా సోమవారం విచారణ వేశారు.

కంపెనీ బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. నిన్న రాజశ్రీ గారే వచ్చి కూర్చున్నారు.

“నా పేరెట్టి ఏటి రాసేవు నువ్వు? తెలుగులో సెప్పు,” అన్నారు.

తెలుగులో చెప్పాను. జంక్షన్‌లో దిగేముందు, “ఇకమీదట ఉండదు అని కూడా రాసేవంట. అంటే ఇన్నాళ్లూ ఉందనే గదా,” అన్నారు. నాకు తల తీసేసినట్టయింది.

మీ త్రినాధరావు

తా.క. విచారణకి మీరు వచ్చి ఇంగ్లీషు సంగతి వాళ్లకి వివరించాలి.

---

అనకాపల్లి, జూన్ 23

చిరంజీవికి,

నేను రాను. ఒకసారి వివరిస్తే విచారణ దాకా వచ్చింది, రెండోసారి వివరిస్తే ఆ పిల్ల ఉద్యోగం కూడా పోతుంది. తప్పంతా నాదేనని వేరే కాగితం మీద రాసి పెట్టాను, చూపించు.

సన్యాసిరావు

తా.క. అది తెలుగులోనే రాశాను. ఇంగ్లీషు మీద నాకు నమ్మకం తగ్గింది.

---

అచ్యుతాపురం, జూన్ 28

పూజ్యులు మాస్టారికి నమస్కారాలు.

విచారణ అయిపోయింది. మీ కాగితం మేనేజరు గారు చదవకుండా పక్కన పెట్టేశారు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దాయన, చెప్పుకోవలసింది ఏమైనా ఉందా అని రాజశ్రీ గారిని అడిగారు. ఆమె పాత రిపోర్టుల ఫైలు తీసి ఆయన ముందు పెట్టారు. రెండేళ్ల కిందట మేనేజరు గారు తన చేత్తో రాసిన పేజీ: ‘ఐ క్యారీడ్ ఆన్ విత్ ఆల్ లేడీస్ ఆఫ్ ప్యాకింగ్ సెక్షన్ ఫ్రమ్ మార్నింగ్ టు ఈవినింగ్.’ అలాంటివి పదకొండు ఉన్నాయి.

“మా ఒక్క షిఫ్టుకి విచారణ ఏసేరు. మరి ఈ పదకొండిటికీ ఎప్పుడేత్తారు సార్,” అని మెల్లగా అడిగారు.

పెద్దాయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఇదంతా ఒట్టి వ్యాకరణ దోషమని మేనేజరు గారే తీర్పు చెప్పారు. మూడు నెలలు ఆగకుండానే నన్ను ఖాయం చేశారు. ఇకనుంచి నా రిపోర్టు మాత్రం రాజశ్రీ గారు రాయాలట.

విధేయుడు,
త్రినాధరావు

తా.క. నిన్న ఆమె తల్లి దుర్గాలక్ష్మి గారు రావికమతం వెళ్లి మా ఇంట్లో రెండు గంటలు కూర్చుని వచ్చారట. ఏం మాట్లాడారో మా అమ్మ చెప్పడం లేదు, నాకు మంచి చొక్కా ఉందా అని మాత్రం అడిగింది. సంగతేమిటో కనుక్కుందామని వెళితే, రాజశ్రీ గారు రిపోర్టులోంచి తల ఎత్తకుండానే, “ముందు పని సూసుకో,” అన్నారు. ‘గారు’ అనవద్దని కూడా అన్నారు.