కుడికి నెడితే ఎడమకి

ఆదివారం, మధ్యాహ్నం

పూజ్యులు పెదనాన్నగారికి,

మీ స్క్రూడ్రైవరమ్మ నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా, నాన్న మోకాలు ఒక్కటే అలిగి కూర్చుంది. పెద్దమ్మ దగ్గు ఎలా ఉంది? ఫోను చేస్తే ఎవరూ, ఎవరూ అని అరిచి పెట్టేస్తారు కనుక ఉత్తరమే రాస్తున్నాను. కాస్త తీరిగ్గా చదవండి, ఇది మీ సంగతే.

నేను పనిచేసే పాత గేమ్ మిషన్ల మ్యూజియానికి పోయిన వారం ఒక మిషన్ వచ్చింది. ఏ గోదాములో మగ్గిందో, వెనక తలుపు తీస్తే దోసెడు దుమ్ము రాలింది. లోపల చిప్పు మీద అంటించిన చిన్న కాగితం మీద తయారుచేసినవాళ్ళ సంతకం ఉంది. ఆ సంతకం నాకు తెలుసు. నా పుట్టినరోజు కార్డులన్నిటి మీదా ఉన్నదే!

మీరు ఒకప్పుడు ఆటలు తయారుచేశారని వినడమే కానీ చూడలేదు. మీకు కుడి ఎడమల తేడా తెలియకే ఆ కంపెనీ మిమ్మల్ని సాగనంపిందని ఏ పెళ్ళికి వెళ్ళినా నాన్న చెప్పి నలుగురినీ నవ్విస్తాడు, మీరూ తల గోక్కుంటూ నవ్వేస్తారు. మేమూ నవ్వేవాళ్ళం. ఇప్పుడు ఆ మిషన్ నా బల్ల ముందే ఉంది, నాకు నవ్వు రావడం లేదు.

పవర్ సప్లై మార్చి, కాంటాక్టులన్నీ తుడిచాక తెర వెలిగింది. నల్లటి ఆకాశం, జారిపోయే చుక్కలు, అంతరిక్ష నౌక ఒకటి, ఎదురుగా రాళ్ళు, తూటాలు వదిలే శత్రువులు. అన్నీ అందంగా ఉన్నాయి. కానీ ఇలాంటి ఆటల్లో నౌక ఎడమ నుంచి కుడికి ఎగురుతుంది కదా, మీది కుడి నుంచి ఎడమకి పోతోంది. సరే, పెదనాన్న కాస్త పెంకి మనిషి అనుకున్నాను. ముందుకు పోనిద్దామని నౌకని నడిపే స్టిక్కు ఎడమకి నెట్టాను. నౌక వెనక్కి వచ్చింది! కుడికి నెడితేనే ఎడమకి పోతుంది. మొదటి రాయికే గుద్దుకుని ప్రాణాలు వదిలాను. మా మ్యూజియంలో ఎవరు ఆడినా అదే గతి.

వైర్లు తారుమారయ్యాయేమోనని విప్పి చూశాను. వైర్లు సరిగ్గానే ఉన్నాయి. పైకీ కిందికీ ఏ తేడా లేదు. తెర మీద అక్షరాలు కూడా సరిగ్గానే ఉన్నాయి. కానీ నౌక తోక మీద మీరు గీసిన 7 అంకె మాత్రం కుడి ఎడమలు మారి తిరగబడి ఉంది.

నన్ను తొలిచేస్తున్నది ఇదే పెదనాన్నా. తికమకపడే మనిషి ఒకచోట తప్పు చేస్తాడు, ఇంకోచోట మరిచిపోయి సరిగ్గా చేస్తాడు. బొమ్మల్లో గానీ స్టిక్కులో గానీ మీరు ఎక్కడా మరిచిపోలేదు. ఇంత పద్ధతిగా ఎవరైనా పొరపాటు పడతారా?

ప్రదర్శన మొదలయ్యేలోగా ఆటను తిప్పి సరిచేయమని మా మేనేజరు అంటున్నాడు. పక్కన ఒక బోర్డు కూడా పెట్టాలట, దీన్ని తయారుచేసిన మనిషి కుడి ఎడమలు తెలియక పాడుచేశాడు, మేము బాగుచేశాం అని. ఆ బోర్డు రాయాల్సింది నేను. చెయ్యి రావడం లేదు. అసలు ఏం జరిగిందో చెప్పండి.

ఇట్లు,
మీ స్క్రూడ్రైవరమ్మ

తా.క. ఇంకేమీ చెప్పకపోయినా ఆ 7 సంగతి ఒక్కటి చెప్పండి. నిద్ర పట్టడం లేదు.

----

బుధవారం

చి. స్క్రూడ్రైవరమ్మకి,

ఆశీస్సులు. మీ పెద్దమ్మకి దగ్గు తగ్గింది, సణుగుడు తగ్గలేదు. మీ మేనేజరు చెప్పినట్టు తిప్పెయ్. హడావిడిలో చేశాను, పొరపాటు నాదే. బోర్డు మీద ఏం రాసుకున్నా నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇప్పుడు నీళ్ళ పంపులు బాగుచేస్తున్నాను. వాటికి కుడి ఎడమలతో పనిలేదు, నీళ్ళొస్తే చాలు.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క. పోస్టు డబ్బా దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. పైన రాసింది చించేద్దామనుకున్నాను కానీ కాగితం దండగని కింద రాస్తున్నాను. నువ్వు అడిగినట్టు ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా.

మీ నాన్న తొమ్మిదేళ్ళప్పుడు మేడ మెట్ల మీద నుంచి పడ్డాడు. ఛాతీ నుంచి మోకాళ్ళ దాకా సిమెంటు కట్టు. వెల్లకిలా పడుకోవడమే, మెడ కూడా తిప్పకూడదు. ఆ ఇరుకు గదిలో టీవీకి వాడి తల వెనక తప్ప చోటు లేదు. అందుకని బీరువా అద్దం ఊడదీసి వాడి మొహం పైన ఏటవాలుగా కట్టాను. అద్దంలో అన్నీ తిరగబడతాయి కదా, కంపెనీకి చేస్తున్న ఆటని ఆ టీవీకి తగిలించి, అద్దంలో సరిగ్గా కనబడేలా మొత్తాన్ని తిప్పి రాశాను. అక్షరాలు కంపెనీ ఇచ్చిన చిప్పులోవి, అవి నా చేతిలో లేవు. వాటిని తిరగేసి చదవడం వాడే నేర్చుకున్నాడు, దొంగవెధవ! 7 అన్నది బడిలో వాడి నంబరు. మంచంలో ఉండగా దాన్ని ఇంకెవరికైనా ఇచ్చేస్తారేమోనని బెంగ పెట్టుకుంటే నౌక తోక మీద వేసి, ఇది నీదేరా, ఎవరూ తీసుకోరు అన్నాను.

నెలల తరబడి నేనూ వాడి పక్కన ఆనుకుని అద్దంలోనే చూశాను. మా ఇద్దరికీ అదే తిన్నగా కనబడటం మొదలైంది. కంపెనీవాళ్ళు తొందరపెడితే దాన్నే ఇచ్చేశాను. ఇచ్చే ముందు చివరిదాకా ఆడి చూసుకున్నాను కూడా, తేడా ఏమీ తోచలేదు. తిప్పి రాశానన్న సంగతే మరిచిపోయాను. నిజంగానే నాకు కుడి ఎడమలు పోయాయి, మీ నాన్న చెప్పేది అబద్ధం కాదు. మిషన్లు గేమ్ షాపులకి వెళ్ళాయి, వారం తిరక్కుండా ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలైంది. నేనూ ఇంటికొచ్చాను.

అప్పుడే వాడు చంకకర్రల మీద అడుగులు వేస్తున్నాడు. తన కోసం చేసిన ఆట వల్ల నా ఉద్యోగం పోయిందని తెలిస్తే మళ్ళీ మంచమెక్కేవాడు. వీధిలోకి వెళ్ళిన మొదటి రోజే గేమ్ షాపుకి ఒక్కడినే వెళ్తానని పట్టుబట్టాడు. నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అదృష్టం, షాపు మూసేసి ఉందని తిరిగొచ్చాడు. ఆ తర్వాత ఆ మిషన్లే ఎక్కడా లేవు.

వాడికి చెప్పకు. ఇన్నాళ్ళూ హాయిగా నవ్వుకుంటున్నాడు.

----

మంగళవారం

పెదనాన్నగారికి,

నమస్కారాలు. నాన్నకి నేను ఒక్క మాట కూడా చెప్పలేదు, ఒట్టు. చూపించానంతే.

టార్చి పట్టుకోవాలి రమ్మని వర్క్‌షాపుకి తీసుకెళ్ళి, మిషన్‌కి వీపు పెట్టి స్టూలు మీద కూర్చోబెట్టాను. ఎదురుగా అద్దం వేలాడదీసి, స్టిక్కు ఊడదీసి పొడుగు వైరుతో ఒళ్ళో పెట్టాను. ఇదేం మంగలి షాపే అని విసుక్కున్నాడు. ఇంట్లో వాషింగ్ మిషన్ బటన్లు కూడా అమ్మనే అడిగే మనిషి కదా, మొదటి రాయి దగ్గర నౌక పోతుందనే అనుకున్నాను. పోలేదు. రెండోదీ దాటించాడు. గోడలు దగ్గరికొచ్చే ఆ సొరంగంలో రాబోయే మలుపు తెలిసినట్టు ముందే స్టిక్కు వంచుతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నాకు తెలియని పిల్లవాడెవరో నా ముందు కూర్చున్నట్టు అనిపించింది.

మా మ్యూజియంలో ఎవరూ చూడని చోటు దాకా వెళ్ళాడు. అక్కడ నౌక దిగింది, తలుపు తెరుచుకుంది, బొటనవేలంత మనిషి బయటికొచ్చి తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆట అయిపోయింది. నాన్న ఏడ్చాడు పెదనాన్నా. నేనూ ఏడ్చాను. టీ కప్పుతో తలుపు దగ్గర నిలబడ్డ మా మేనేజరు కూడా ముక్కు చీదుకున్నాడు, జలుబంటాడు.

ఆటను తిప్పడం లేదు. హాల్లో ఒక మంచం, పైన అద్దం, తల వెనక మీ మిషన్ పెడుతున్నాం. బోర్డు రాశాను. ఈ ఆట పడుకుని అద్దంలో చూస్తూ ఆడాలి, దీన్ని ఒక అన్నయ్య తన తమ్ముడి కోసం చేశాడు అని. ప్రదర్శనకి మీరూ పెద్దమ్మా రావాలి, సాకులు చెల్లవు.

ఇట్లు,
మీ స్క్రూడ్రైవరమ్మ

తా.క. అన్నయ్యా, దీని చేతిలో పెన్ను లాక్కుని నేనే రాస్తున్నాను. నీకు కుడి ఎడమలు తెలియవని పెళ్ళిపెళ్ళికీ ఎందుకు చెప్పేవాడినో తెలుసా? నాకు ఏమీ తెలియదని నువ్వు నమ్మాలి కదా, అందుకు. చంకకర్రలతో మొదటిసారి బయటికెళ్ళిన రోజు గేమ్ షాపు మూసేసి ఉందని వచ్చి చెప్పాను చూడు, ఆ రోజు షాపు తీసే ఉంది. పిల్లలు తిట్టుకుంటూ మిషన్‌ని తన్నుతున్నారు. నేను వాళ్ళ వెనక నిలబడి, నా 7 అంకెని చూసుకుని ఇంటికొచ్చేశాను.