తల్లి తరపు పేజీ

జనగాం,
24-9-1983.

చిరంజీవి చంద్రమౌళికి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. నువ్వు, విజయలక్ష్మి, బుజ్జి ఆ భూపాలపల్లిలో ఏ జ్వరమూ గిరమూ లేకుండా ఉన్నారనుకుంటాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం నాకు అలవాటు. అందరం అంటే ఇప్పుడు నేనూ, గోడ గడియారమూ. అది కూడా రోజుకు పది నిమిషాలు వెనక పడుతున్నది. సరిచేసే మీ బాపు లేడు గనుక దాన్ని దాని ఇష్టానికి వదిలేశాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. "రోజుకు ఒక్క గంట పెట్టుకో, వారానికి ఒక్క మనిషిని అడుగు, విన్నది ఆ రోజే రాసెయ్యి" అని బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పావు. ఉగాది నుంచి నేను చెప్పిన సాకులన్నీ వరుసగా ఎత్తిచూపావు కూడా. మామిడికాయ తొక్కు, మోకాలి నొప్పి, చుట్టాల పెళ్ళి, వానలు, మళ్ళీ తొక్కు. అత్తమ్మ ఏడాదికి రెండుసార్లు తొక్కు పెడుతుందా అని విజయలక్ష్మి నవ్విందట. నవ్వనీ. ఆ రెండోసారి పెట్టిన తొక్కు సీసాలో అట్లాగే ఉన్నది, తినేవాళ్ళు ఎవరూ లేరు, దసరాకు వచ్చినప్పుడు పట్టుకుపొండి.

నిజం చెప్పాలంటే గంట దొరకకపోవడం ఒకప్పటి మాట. మీ బాపు దుకాణం నడిపిన రోజుల్లో చింతపండు గింజలు తీయడం, పప్పులు చెరగడం, ఇంటి తలుపు కొట్టి ఉప్పు అడిగేవాళ్ళకు ఉప్పు కొలవడం, వీటితోనే పొద్దుగూకేది. ఇప్పుడు పొద్దున తొమ్మిదికల్లా నా పని అయిపోతుంది. ఆ తర్వాత పడుకునేదాకా మాట్లాడడానికి మనిషి లేడు. దుకాణం కిరాయికి తీసుకున్నతను స్టీలు గిన్నెలు అమ్ముతున్నాడు. గోడ అవతల గిన్నెల చప్పుడైతే మన ఇంట్లోనే ఎవరో వంట చేస్తున్నట్టు ఉంటుంది. ఒక్కోసారి లేచి వంటింట్లోకి పోయి చూసి వస్తాను.

కాబట్టి వేళ దొరకలేదని ఇన్ని ఉత్తరాల్లో రాసింది అబద్ధం. ఎందుకు ఆడానో చెప్పడానికే ఇవాళ కూర్చున్నాను. కానీ ముందు నువ్వు అడిగినవాటికి జవాబు రాయనీ, లేకపోతే అది రాసిన తర్వాత చెయ్యి ఆడదు.

నర్మెట్ట పోయి వచ్చాను. పటేలు నర్సింగరావు గారు తొంభై దగ్గర పడ్డా మాట పోలేదు, చెవులే పోయాయి. మన ముత్తాత పేరు అడిగితే వాళ్ళ ముత్తాతతో మొదలుపెట్టాడు. మనవాళ్ళ పేరు ఒక్కటి చెప్పడానికి తమవాళ్ళ పేర్లు పదకొండు చెప్పాడు. రాయకపోతే అలుగుతాడని అవి కూడా రాసుకున్నాను. మీ ముత్తాత పేరు లింగయ్య, ఎద్దుల మీద ఉప్పూ బెల్లమూ వేసుకొని సిద్దిపేట వైపు నుంచి వచ్చాడట. వానకు నర్మెట్టలో ఆగి, ఆ వాన తగ్గేలోపు అక్కడే అరుగు చూసుకొని దుకాణం పెట్టాడట. మనం జనగాం వచ్చింది రజాకార్ల గడబిడ ఏడాది. నువ్వు అనుకున్నట్టు వ్యాపారం పెంచుకోవడానికి రాలేదు, ప్రాణాలు దక్కించుకోవడానికి వచ్చారు.

ఇవన్నీ నీ పాత నీలం అట్ట నోటుబుక్కులోనే రాశాను. అది నీకు గుర్తుందో లేదో. తెలంగాణ గొడవల ఏడాది చదువులన్నీ ఆగిపోయి, రోజూ ఊరేగింపులు పోతుంటే మీ బాపు నిన్ను గడప దాటనివ్వలేదు. నువ్వు రెండు రోజులు అన్నం మానేశావు. మూడో రోజు, పదిహేడేళ్ళ వాడివి, మీ అవ్వ మంచం పక్కన ఆ నోటుబుక్కు వేసుకొని కూర్చున్నావు. నాలుగు పేజీలు నిండాయి. అయిదో పేజీ మీద 'తల్లి తరపు' అని పెద్ద అక్షరాలతో రాసి అవ్వను అడిగావు. అవ్వ "మీ అమ్మనే అడుగు బిడ్డా" అన్నది. నువ్వు వంటింట్లోకి వచ్చావు. అప్పడాలు ఎండపెట్టాలి, రేపు చెప్తానన్నాను. ఆ మధ్యాహ్నమే నేను అవ్వ కాళ్ళు పట్టుకున్నాను. తర్వాత చదువులు మొదలై నువ్వు మర్చిపోయావు. నేను మర్చిపోలేదు.

మళ్ళీ నువ్వు ఆ పేజీ దగ్గరికి వచ్చింది పోయిన ఏడు, మీ బాపు సంవత్సరీకం నాడు. తల్లి తరపు మూడు తరాలు చెప్పమంటే నువ్వు తాత పేరు దగ్గరే ఆగిపోయి సిగ్గుపడ్డావు. ఆ సిగ్గుతోనే ఈ ఏడంతా నా వెంటపడ్డావు. కానీ నాకు ఆ నాడు గుచ్చుకున్నది అది కాదు. అంతకు ముందు అయ్యగారు ఇంకో మాట అడిగారు. తల్లి ఉన్నారా అని. నువ్వు తడుముకోకుండా నావైపు చెయ్యి చూపి "ఉన్నది, గదిగో" అన్నావు. ఆయన తలూపి తల్లి పేరు విడిచిపెట్టి ముందుకు పోయారు. పాత అయ్యగారైతే ఆగేవారు. ఇతను ఆయన కొడుకు, అతనికి తెలియదు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను, నోరు తెరవలేదు.

మొన్న శుక్రవారం ప్యాసింజరు ఎక్కి మానుకోట పోయాను. యశోద పెద్దమ్మకు చూపు బాగా తగ్గింది, దగ్గు తగ్గడం లేదు, దవాఖానకు రమ్మంటే రాదు. నోటుబుక్కు చూసి సంబరపడింది. తాతలు, ముత్తాతలు, వాళ్ళ అన్నదమ్ములు, ఎవరు ఏ ఊరు పిల్లను తెచ్చుకున్నారో అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నేను రాస్తూ పోయాను. వాళ్ళ నాన్న దగ్గరికి వచ్చాక, ఆయన పిల్లల పేర్లు చెప్పక్కా అన్నాను. నోటికొచ్చినవే అయినా అడిగి రాయమన్నావు కదా.

"రాస్కో," అన్నది. "పెద్దది యశోద. చిన్నది అనసూయ. ఇద్దరమే."

నా చెయ్యి ఆగిపోయింది. పెన్ను చప్పుడు వినపడక ఆమెకు తెలిసింది.

"దానికి ఒక ఫొటో సుత లేదు," అన్నది. "పేరొక్కటే మిగిలె. గది కూడ నీకే ఇచ్చినం. ఇన్నేండ్లల్ల నేను ఎన్నడన్న నిన్ను ఒక్క మాట అన్ననా?"

అనలేదన్నాను.

"ఇప్పుడు అంటున్న. నేను గీ చలికాలం దాటేటట్టు లేను. నేను పోయినంక నా చెల్లె ఎవ్వలకు యాదికుంటది? పోరనికి నువ్వే చెప్పాలె."

చంద్రమౌళీ, నిన్ను కన్నది నేను కాదు. నిన్ను కన్నది యశోద పెద్దమ్మ చెల్లెలు అనసూయ. మొదటి కాన్పుకు మానుకోట పుట్టింటికి పోయి, నువ్వు పుట్టిన తొమ్మిదో రోజు జ్వరంతో పోయింది. ఆమెకు పంతొమ్మిదేళ్ళు. పది నెలల తర్వాత మీ బాపు నన్ను చేసుకున్నాడు. నాకు పదహారు.

రెండో పెళ్ళిగా వచ్చిన పిల్లకు పోయినామె పేరు పెట్టడం మన ఇళ్ళల్లో ఉన్నదే. పోయినామె మనసు చల్లబడుతుందని, ఆమె పుట్టింటినే ఈమెకు పుట్టిల్లు చేస్తారు. మీ అమ్మమ్మ నన్ను మానుకోట పిలిచి, పసుపు రాసి, చీర పెట్టి, "నా బిడ్డ అనసూయ వచ్చింది" అని నిన్ను నా ఒళ్ళో వేసింది. నువ్వు నా కొంగు నోట్లో పెట్టుకున్నావు. ఆ మరుసటి ఏడు మీ బాపు బజార్లో ఇల్లు ఖాళీ చేసి స్టేషను వైపు వచ్చాడు. ఇక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళకు వెంకట్రాజం భార్య అనసూయ, ఆమె కొడుకు నువ్వు. ఎవ్వరూ నీతో అబద్ధం ఆడలేదు, ఆడవలసిన అవసరమే రాలేదు. నా మెడలో పుస్తెల పక్కన ఒక చిన్న బంగారు బిళ్ళ ఉండేది, పసితనంలో దాన్ని పట్టుకొని నిద్రపోయేవాడివి. అది ఆమె పేరిట నేను కట్టుకున్నది. మీ బాపు పోయిన నాడు పుస్తెలతో పాటు తీశారు. అది నీది, వచ్చినప్పుడు ఇస్తాను.

నీకు పెద్దయ్యాక చెప్పాలని మీ బాపు అన్నాడు. నేనే వద్దన్నాను. ఇది నా తప్పు, ఆయన మీద వెయ్యకు. నాకు కడుపు పండలేదు. నువ్వు పదేళ్ళ వాడివయ్యాక చెప్దామనుకున్నాను, తర్వాత పెళ్ళయ్యాక అనుకున్నాను. అమ్మా అని పిలిచేటప్పుడు నీ గొంతులో వెంట్రుక వాసి తేడా వచ్చినా నేను కనిపెట్టేస్తానని భయం. అందుకే ఆ పేజీ దగ్గరికి వచ్చినప్పుడల్లా తొక్కు పెట్టుకున్నాను.

కానీ ఒకటి నన్ను తినేస్తున్నది. ప్రతి పెత్తరమాసకు మీ బాపు ఇంట్లో పెద్దలకు బియ్యం ఇచ్చి, దుకాణానికని బయలుదేరి, పాత అయ్యగారి ఇంటికి పోయి ఇంకొక చాట బియ్యం ఇచ్చి వచ్చేవాడు. నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. మేమిద్దరం దాని గురించి ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. ఆయన పోయి రెండేళ్ళు. రెండు పెత్తరమాసలకు ఆమె పేరు ఎత్తినవాళ్ళు లేరు. ముప్పై ఒక్క ఏళ్ళ కొడుకు ఉండి, ఆ కొడుకు చేతి నీళ్ళు ఒక్కసారి కూడా ఆమెకు అందలేదు. ఆమె పేరుతో నేను తిన్నాను, కట్టుకున్నాను, నీ చేత పిలిపించుకున్నాను.

ఈ ఏడు పెత్తరమాస అక్టోబరు ఆరున. సెలవు దొరకకపోతే అక్కడి అయ్యగారి చేతనే ఇప్పించు. అయిదో పేజీ చింపి ఈ కవరులో పెట్టాను. మూడు తరాలు పూర్తిగా ఉన్నాయి, గోత్రంతో సహా. అన్నిటికంటే కింద నీ పేరు, నీ పైన అనసూయ. తల్లి ఉన్నదా అని ఈసారి అడిగితే లేదని చెప్పు. నా గురించి ఆలోచించి నోరు తడబడనీయకు, చెప్పు.

ఆ పేజీలో నేను ఎక్కడా లేను. రాయాలని కూర్చున్నాను గానీ ఏ గీత కింద రాయాలో తెలియలేదు. ఊళ్ళు తిరిగి రెండు ఇళ్ళ వాళ్ళ పేర్లు పోగుచేశాను, అందులో ఒక్కరూ నా రక్తం కాదు. నా వైపు పేజీ రాద్దామంటే అడగడానికి మనిషి మిగలలేదు. మా నాన్న పేరు రాజలింగం. మా తాత పేరు నాకు తెలియదు. నీకు ఆరేళ్ళప్పుడు ఒక ముసలాయన తాటి గేగులు మూటకట్టుకొని వచ్చి అరుగు మీద కూర్చొని పోయాడు. ఎవరని అడిగితే ఊరాయన అన్నాను. ఆయనే మా నాన్న. మానుకోట వాళ్ళు నొచ్చుకుంటారని లోపలికి కూడా రమ్మనలేదు. ఆయన నీ తల నిమిరి మళ్ళీ బస్సెక్కాడు. ఆ తర్వాత రాలేదు. ఆయన పోయిన కబురు నాకు నాలుగు నెలలకు తెలిసింది.

మాది టేకుమట్ల. రెండేళ్ళ కింద జనాభా లెక్కలకు నిన్ను ఆ ఊరే వేశారు. బస్సు దిగితే చీలమండలోతు దుమ్ము, కానీ మనుషులు మంచివాళ్ళు, ఒకామె పిలిచి మజ్జిగ ఇచ్చిందని రాశావు. ఏ వాడలో ఆ మజ్జిగ తాగావో అడగాలని ఎన్నిసార్లు కాగితం తీశానో.

నీకు కోపం వస్తే రానీ. దసరాకు రావాలనిపించకపోతే బలవంతం లేదు, తొక్కు ఎవరిచేతనైనా పంపుతాను. బుజ్జిని చలిలో తిప్పవద్దు. విజయలక్ష్మికి ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు, ఆ పిల్ల దగ్గర దాచకు. దాచి బతకడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

జవాబు రాస్తే కవరు మీద మాత్రం అనసూయమ్మ అనే రాయి. కింద ఉన్న పేరు రాస్తే పోస్టుమాను వెనక్కి పంపుతాడు, జనగాంలో అట్లాంటి మనిషి ఎవరూ లేరని.

ఇట్లు,
నీ అమ్మ
రాజేశ్వరి