రాని బాకీల పట్టిక

జులై 22, మంగళవారం. హాస్టల్.

పద్మజ మేడం ఈరోజు కమ్యూనిటీ ప్రాజెక్టు ఇచ్చారు. మీ ఊళ్లో ఏదో ఒక సంస్థను పట్టుకోండి, దాని లెక్కలు సరిచేసి పెట్టండి, ఇరవై మార్కులు అన్నారు. క్లాసులో సగం మంది కిరాణా కొట్టు, పాలకేంద్రం అని రాసుకున్నారు. నేను మా చర్చి అని రాశాను.

మా కాలేజీ పేరుకు లిబరల్ ఆర్ట్స్. బి.కామ్ వాళ్లం కూడా ఫిలాసఫీ చదవాలి. నాయన ఊళ్లో కామర్సు సంగతి మాత్రమే చెప్పుకుంటాడు, ఫిలాసఫీ సంగతి దాచిపెడతాడు. నా బిడ్డ ఆడిటరు అయితాది అంటాడు. సెకండియర్‌కే ఆడిటరును చేసేశాడు.

జులై 27, ఆదివారం. ఊరు.

మా ఊరు విడపనకల్లు నుంచి ఆటోలో పావుగంట. వాన లేదు. వేరుశనగ మొలకెత్తి అక్కడే ఆగిపోయింది.

చర్చి రాబడి అంటే ముఖ్యంగా కోతల పండుగ. ఆరోజు ఎవరికి పండింది వాళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు. గుమ్మడికాయ, కోడి, శనక్కాయల గంప, ఏదైనా సరే. తర్వాత వేలం. నలభై రూపాయల గుమ్మడికాయ రెండు వేలకు పోతుంది. చప్పట్లే చప్పట్లు. పాడినవాళ్లు దుడ్లు క్రిస్మస్ లోపల మెల్లగా కడతారు. చిన్నప్పుడు నాకు క్రిస్మస్ కంటే అదే ఇష్టం.

మా పాస్టరు ఇమ్మానుయేల్ అయ్యగారు మీటింగులకని గుత్తికి పోయారు. లెక్కలు చూసే యేసన్న నాలుగేళ్ల నోటు పుస్తకాలు సంచిలో వేసి ఇచ్చాడు. అయ్యగారిని అడిగినావా పాపా అన్నాడు. అడిగాను అన్నాను.

అడగలేదు.

ఆగస్టు 3, ఆదివారం. హాస్టల్.

నాలుగు పుస్తకాలూ అయిపోయాయి. విచిత్రం ఏమిటంటే ప్రతి క్రిస్మస్‌కీ అయ్యగారు పేజీ కింద అడ్డగీత కొట్టి, సమాప్తం అని రాస్తారు. కొత్త ఏడాది కొత్త పుస్తకం. పాత బాకీ ఒక్క రూపాయి కూడా ముందుకు రాదు. వసూలు కాని డబ్బు ఏమైనట్టు? ఓపెనింగ్ బ్యాలెన్స్ అనే మాటే తెలియనట్టుంది వీళ్లకు.

నేను ముందుకు తెచ్చాను. ఇరవై మూడు మంది. మొత్తం అరవై ఒక్క వేల నాలుగు వందలు. ఆ డబ్బుతో చర్చి పైకప్పు రేకులు మార్చొచ్చు. లిస్టులో అందరికంటే పైన సువార్త అవ్వ. నాలుగేళ్లూ గుమ్మడికాయ ఆమే పాడింది. ఏడు వేల మూడు వందల యాభై బాకీ. నిజం చెప్పాలంటే టోటల్ టాలీ అయినప్పుడు ఎగిరి గంతేశాను.

ఆగస్టు 4, సోమవారం. సాయంత్రం 5.

కాలేజీ కాపీలో పేర్లు తీసేసి A, B, C అని పెట్టమన్నారు మేడం. పెట్టాను. ఊరి కాపీలో పేర్లు ఉంచాను. రాని బాకీల పట్టిక అని హెడ్డింగ్ పెట్టి, కింద నా పేరు, బి.కామ్ అని టైప్ చేసి చర్చి వాట్సాప్ గ్రూపులో పంపాను.

ఇంకొకటి ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను. ఊరి కాపీలో ఇరవై రెండు పేర్లే ఉన్నాయి. ఇరవై మూడోది మా నాయన. రెండేళ్ల కింద నాటుకోడి పాడాడు, పన్నెండు వందలు. ఆ వరుస డిలీట్ చేశాను.

ఆగస్టు 5

గ్రూపులోంచి తొమ్మిది మంది వెళ్లిపోయారు.

ఆగస్టు 10, ఆదివారం. ఊరు.

ఆరాధన అయ్యాక సువార్త అవ్వ లేచింది. కొంగుముడి విప్పి నోట్లు బల్ల మీద పెట్టింది. లెక్క చూసి ఎంచుకోండి అంది. యేసన్న వద్దమ్మా, తర్వాత చూస్తాంలే అన్నాడు. ఎంచు అంది. ఏడు వేల మూడు వందల యాభై, తక్కువా లేదు, ఎక్కువా లేదు.

తర్వాత నా వైపు తిరిగి, రసీదు రాయమ్మా, నువ్వు సదువుకున్నెదానివి కదా అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నా చేత్తోనే రాశాను. అక్షరాలా అని కూడా రాశాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎవరి వైపూ చూడకుండా బయటికి పోయింది.

ఇంటికి వచ్చాక అమ్మ చెప్పింది. అవ్వ గురువారం సంతలో మేకను అమ్మిందట. ఉన్నది ఆ ఒక్కటే, అదీ చూలుతో ఉంది. అవసరానికి అమ్మేవాళ్ల ముఖం బేరగానికి తెలిసిపోతుంది కదా, ఏడు వేల ఎనిమిది వందలకే కొట్టేశాడు.

అన్నం సహించలేదు. నాయన మాత్రం తలవంచుకుని గబగబా తిని లేచిపోయాడు. తన పేరు లేదని ఆయన చూసుకునే ఉంటాడు. ఆ మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఆగస్టు 11, సోమవారం. బస్సులో.

పొద్దున అయ్యగారు బస్టాపుకు వచ్చారు. తిడతారనుకున్నాను. బండి స్టాండు వేసి, పక్కన కూర్చుని, లెక్క బాగా రాసినావు పాపా అన్నారు. కూడిక తప్పులేదు అన్నారు.

తర్వాత మెల్లగా మొదలుపెట్టారు. ఆ యమ్మ ఏడాదంతా ఒకరి చేన్లో వంగుంటాది, ఎవురింటికి పోయినా కింద కూచుంటాది. ఆ పండగ పొద్దొక్కటే లేచి నిలబడి, హెడ్మాస్టరు మింద పాట పెంచుతాది. ఆయప్ప వెయ్యి అంటే ఈ యమ్మ రెండు వేలు అంటాది. కట్టలేదని నాకు తెలుసు, ఆయప్పకు తెలుసు, ఊరికంతా తెలుసు. కట్టగలిగినోళ్లు కడతారు, మిగిలింది నేను క్రిస్మస్‌కి గీత కొట్టేస్తా. శనివారం శనివారం చర్చి ఊడ్సేదెవురు? దానికి నీ పట్టికలో గడి ఉండాదా?

లేదు అన్నాను.

ఆ దుడ్లు తిరిగి ఇచ్చేద్దామని ఆయన నిన్న సాయంత్రమే అవ్వ ఇంటికి పోయారట. ఆమె తలుపు తీయలేదట.

నన్ను అడిగి ఉంటే చెప్పేటోణ్ని కదా పాపా అన్నారు చివరికి. బస్సు వచ్చింది. పారిపోయినట్టు ఎక్కాను.

ఆగస్టు 21

ఇరవైకి పంతొమ్మిది. మేడం క్లాసులో నా ఫైలు ఎత్తి చూపించారు. బాత్రూములోకి పోయి ఏడ్చాను.

సెప్టెంబర్ 7, ఆదివారం. ఊరు.

నాలుగు వారాలుగా అవ్వ చర్చికి రావడం లేదు. శనివారాలు ఎవరూ ఊడవడం లేదు. ఈరోజు బెంచీ మీద వేలితో నా పేరు రాయగలిగినంత దుమ్ము.

స్కాలర్‌షిప్ డబ్బు ఎనిమిది వేలు తీసుకుని అవ్వ ఇంటికి పోయాను. మేక కొనుక్కో అవ్వా అన్నాను. ఖాళీ గుంజకు తాడు ఇంకా కట్టే ఉంది. కూచో అంది. బొరుగులు పెట్టింది. డబ్బు వైపు చూడనే లేదు. నా బాకీ తీరిపాయ కదమ్మా, మళ్లా ఈ దుడ్లు ఏ కాతాలోవి అంది.

తప్పయింది అవ్వా అన్నాను. దానిదేముందిలే అంది. కాసేపు బొరుగుల్లో రాళ్లు ఏరుతూ కూర్చుంది. తర్వాత అడిగింది. అది సరే గానీ, మీ నాయన కోడి పాడినాడు కదా, ఆయప్ప కట్టేసినాడా అని.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే, తెలుసుకుందామని అడిగింది. కట్టాడు అవ్వా అన్నాను. పోనీలే, మంచోడు అంది.

నేనింత నీచురాలినని నాకు తెలియదు.

నవంబర్ 9, ఆదివారం. కోతల పండుగ.

అవ్వ వచ్చింది. మేం వస్తుందనుకోలేదు. తలుపు పక్కన, కింద, కొంగు కప్పుకుని కూర్చుంది.

పంట ఏమంత లేదు, అయినా జనం తేవలసినవి తెచ్చారు. వేలం మొదలైంది. శనక్కాయల గంప ఎత్తి అయ్యగారు ఎంత అన్నారు. మగవాళ్లు జేబులు తడుముకున్నారు. వెనక వరుసలో ఒకామె పర్సు తెరిచి నోట్లు ఎంచుకుంది. ఎంచుకున్నాక మూడు వందలు అంది. ఇంకెవరైనా అన్నారు అయ్యగారు. ఇంకెవరూ లేరు. ప్రతి వస్తువూ అంతే. పాడేముందు ఒకసారి నా వైపు చూడటం, తర్వాత మార్కెట్ రేటు చెప్పడం.

గుమ్మడికాయ వచ్చింది. అందరి తలలూ తలుపు వైపు తిరిగాయి. హెడ్మాస్టరు కావాలనే వంద అన్నారు, అవ్వను రెచ్చగొట్టడానికి. గొంతులో బతిమాలుతున్నట్టుంది. అవ్వ నేల మీద గీతలు గీస్తూ కూర్చుంది. తల ఎత్తలేదు. వందకే పోయింది.

లేచి నిలబడి మా నాయన బాకీ సంగతి చెప్పేయాలనుకున్నాను. లేవలేదు. నాయన పక్కనే ఉన్నాడు, ఆయన చెయ్యి నా చేతికి తగులుతూనే ఉంది.

నవంబర్ 10

వేలం రెండు వేల నూట ఎనభై. వసూలు రెండు వేల నూట ఎనభై. చర్చి పుస్తకంలో ఆ కింద నాయన పేరు, పన్నెండు వందలు రాసి అయ్యగారికి చూపించాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి, పెన్ను అందుకుని అడ్డగీత కొట్టారు. కరువు ఏళ్లు పాపా, పోనీలే అన్నారు.

సువార్త అవ్వ బాకీకి ఆయన్ని ఆ మాట అననీయలేదు నేను.